తగాలోగ్‌లో నా, పా, నఙ్: క్రియా విశేషణాలను తెలుగు వైపు నుంచి పట్టుకోవడం ఎలా?

గుంటూరు_పిల్ల
అందరికీ నమస్కారం. నేను ఫిలిప్పీన్స్‌లో మనీలా పక్కన ఒక కాలేజీలో బీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అది అయ్యాక ఎండీలో (ఇక్కడ డాక్టరు చదువును అలాగే అంటారు) చేరాలి. మూడు నెలలుగా ఇక్కడి భాష తగాలోగ్ నేర్చుకుంటున్నా. అంకెలు, కూరగాయల పేర్లు, ఆటో వాళ్ళతో బేరం, ఇవన్నీ పర్లేదు. క్రియా విశేషణాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. నా దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకంలో "నా" అంటే ఆల్రెడీ, "పా" అంటే స్టిల్ లేదా యెట్ అని ఉంది.

మా ఇంటి ఓనర్ ఆంటీ రోజూ సాయంత్రం "కుమాయిన్ కా నా బా?" అని అడుగుతుంది. తిన్నావా అని. నేను "హిందీ" అంటాను. (ఇక్కడ హిందీ అంటే కాదు, లేదు అని. మొదటి వారం ఈ మాట విన్నప్పుడల్లా నన్ను హిందీలో మాట్లాడమంటున్నారేమో అనుకున్నా.) ఆవిడ వెంటనే "హిందీ పా!" అని సరిచేస్తుంది. మళ్ళీ షాపులో "ఇసా పా" అంటే ఇంకో ముక్క ఇస్తారు. ఇందులో స్టిల్ ఎక్కడుంది, యెట్ ఎక్కడుంది? వచ్చే వారం ఓరల్ టెస్ట్. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా తెలుగులో చెప్పగలరా?

జగిత్యాల_అన్న
చెల్లె, ముందు ఆ ఇంగ్లీషు పుస్తకం పక్కకు పెట్టు. నేను దుబాయ్‌లో హోటల్ కిచెన్‌లో పదకొండేళ్ళుగా పని చేస్తున్నా. నా చుట్టూ అంతా ఫిలిప్పీన్స్ వాళ్ళే. నేను పుస్తకం చూడలేదు, చెవితోనే నేర్చుకున్నా. నాకు తెలిసింది ఒక్కటే: పా అంటే "ఇంకా".

హిందీ పా: ఇంకా లేదు.
కుమకాయిన్ పా: ఇంకా తింటున్నాడు.
ఇసా పా: ఇంకొకటి.
అనో పా?: ఇంకేంటి?
సీనో పా?: ఇంకెవరు?

చూడు, ఇంగ్లీషులో నాలుగు మాటలు కావాలి దీనికి. మనకు ఒక్కటి చాలు. ఆర్డర్ రాసుకునేటప్పుడు వాళ్ళు "అనో పా?" అంటే నాకు అచ్చం మా ఊళ్ళో కిరాణా షాపాయన "ఇంకేం కావాలె?" అన్నట్టే వినిపిస్తది.

గుంటూరు_పిల్ల
అన్నా!! మూడు నెలల నుంచి దీని కోసమే చూస్తున్నా. మరి "నా"?

జగిత్యాల_అన్న
నా అంటే "ఇక", ఇంకొన్నిసార్లు మనం క్రియకు తగిలించే "ఏశా". తారా నా: ఇక పద. తామా నా: ఇక చాలు. అఅలీస్ నా అకో: ఇక నేను బయల్దేరతా. కుమాయిన్ నా అకో: తినేశాను. ఉమలీస్ నా సియా: వెళ్ళిపోయాడు.

లేదు అనే మాటతో కలిస్తే "ఇక లేదు". వలా పా బియ్యం అంటే బియ్యం ఇంకా రాలేదు, వస్తయి. వలా నా అంటే అయిపోయినయి, ఇక లేవు. కిచెన్‌లో ఈ రెండూ తారుమారు చేస్తే పని ఆగిపోతది.

సముద్రం_అవతల
అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. దానికి నేనొకటి కలపాలి, ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేను ఎండీ చివరి దశలో ఉన్నాను, వార్డు డ్యూటీలు చేస్తున్నాను. మొదటి నెలలో ఒక పేషెంట్ కూతురు ఊరి నుంచి వచ్చి, ఖాళీ మంచం చూసి, మా నాన్న ఎక్కడ అని అడిగింది. ఆయన్ని అంతకు గంట ముందే పక్క వార్డుకు మార్చారు. నేను ఇంగ్లీషులో ఆలోచించుకుని, ఇప్పుడు ఇక్కడ లేరు అని చెప్పబోయి "వలా నా పో సియా" అన్నాను.

ఆ అమ్మాయి అక్కడే కూలబడిపోయింది. నర్సు పరిగెత్తుకొచ్చి చెప్పేదాకా నేనేం తప్పు మాట్లాడానో నాకు తెలియలేదు. ఆ మాటను తెలుగులో పెట్టి చూడండి: "ఆయన ఇక లేరండీ." తెలుగులో ఆ మాట ఎవరి గురించి, ఎలాంటప్పుడు అంటామో మనకు తెలుసు. తగాలోగ్‌లోనూ అదే అర్థం. నేను తెలుగులో ఆలోచించి ఉంటే నా నోట ఆ మాట వచ్చేదే కాదు. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు. మర్నాడు వెళ్ళి క్షమించమని అడిగాను. తండ్రి మంచం పక్కన కూర్చుని ఉంది, నా చెయ్యి పట్టుకుంది.

అనాల్సింది "వలా పో సియా రీతో", అంటే ఆయన ఇక్కడ లేరండీ. ఇంకా మంచిది "ఇనిలీపత్ నా పో సియా సా ఇబఙ్ వార్డ్", అంటే ఆయన్ని వేరే వార్డుకు మార్చేశారండీ. గుంటూరు చెల్లీ, నువ్వూ రేపు ఇదే వార్డుల్లో నిలబడతావు. నా, పా అనేవి వ్యాకరణంలో చిన్న మాటలే, వాటిని మాత్రం ముందు నేర్చుకో.

గుంటూరు_పిల్ల
అక్కా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. చెప్పినందుకు థాంక్స్.

పాత_పంతులు
నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. మనవడు ఫిలిప్పీన్స్‌లో చదువుతున్నాడు కాబట్టి ఈ చర్చ చూస్తున్నాను. ఆ భాష నాకు రాదు. కానీ ఒక సందేహం. మీరంతా మాట చివర "పో" అంటున్నారు. మా ఆవిడ వీడియో కాల్‌లో మనవడు ఎవరితోనో "సలామత్ పో" అనడం విని, పెద్దవాళ్ళను పో అంటున్నాడేంటి అని బాధపడింది. అది ఏమిటి?

లగునా_కోడలు
పంతులు గారూ, అమ్మమ్మ గారికి చెప్పండి, మనవడు చాలా మర్యాదగా ఉంటున్నాడని. పో అంటే "అండీ". సలామత్ పో అంటే థాంక్సండీ. అవును అనడానికి ఓఓ, అవునండీ అనడానికి ఓపో.

నేను విజయనగరం అమ్మాయిని. పెళ్ళి చేసుకుని తొమ్మిదేళ్ళుగా మనీలా దగ్గరి లగునాలో ఉంటున్నాను. మా అత్తగారికి తగాలోగ్ తప్ప వేరే భాష రాదు, అందుకే నాకు భాష వచ్చింది. ఆవిడతో పో లేకుండా ఒక్క వాక్యం మాట్లాడను.

ఈ చిన్న మాటలన్నీ మన తెలుగు ప్రత్యయాలకు దగ్గరగా ఉంటాయి. దౌ అంటే మన "ట". దరాతిఙ్ దౌ సియా: వస్తాడట. బా అంటే ప్రశ్న అడిగే "ఆ". దిన్ అంటే కూడా. లఙ్ అంటే మాత్రమే. యాతా అంటే కాబోలు: ఉముఉలాన్ యాతా, వాన పడుతోంది కాబోలు. సానా అంటే బాగుండు: సానా ఉములాన్, వాన పడితే బాగుండు. పలా అంటే అప్పుడే తెలిసిందని చెప్పడం: ఇకౌ పలా! ఓ, నువ్వా! మునా అంటే "ముందు ఇది కానీ" అని: కాయిన్ మునా తాయో, ముందు తిందాం పద.

దౌ, దిన్ అనేవి ముందు మాట అచ్చుతోనో, వ, య ధ్వనితోనో ముగిస్తే రౌ, రిన్ అవుతాయి. అకో రిన్, నేను కూడా. దరాతిఙ్ దౌ, కానీ నా రౌ. మాట్లాడేటప్పుడు ఇక్కడి వాళ్ళే ఒక్కోసారి పట్టించుకోరు. పరీక్షలో మాత్రం పట్టించుకుంటారు.

పాత_పంతులు
చాలా సంతోషం అమ్మా, ఆవిడకు ఇప్పుడే చదివి వినిపించాను. ఇంకో ప్రశ్న. వీటిలో మూడు నాలుగు ఒకేచోట వస్తే ఏది ముందు, ఏది వెనక? మనకు "వెళ్ళిపోయారటండీ" అనే మాట ఉంది. దాన్ని విడదీస్తే వెళ్ళి, పోయారు, ట, అండీ. ఈ క్రమం మార్చలేం. "వెళ్ళిపోయారండీట" అనం. వాళ్ళకూ ఇలాంటి నియమం ఉందా?

లగునా_కోడలు
పంతులు గారూ, మీరు అడిగిన వాక్యాన్నే అలాగే రాస్తాను: "ఉమలీస్ నా రౌ పో సిలా." ఉమలీస్ వెళ్ళడం, నా అనేది పోయారు, రౌ అనేది ట, పో అనేది అండీ. మీరు చెప్పిన క్రమమే!

ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఇలా పక్కపక్కన పెట్టి చూడలేదు. మా ఆయనకు చూపిస్తే ఆయనా ఆశ్చర్యపోయారు.

ఒక చోట మాత్రం తేడా. మనం "వెళ్ళిపోయారాండీ?" అంటాం, ప్రశ్న ముందు, అండీ తర్వాత. వాళ్ళు "ఉమలీస్ నా పో బా సిలా?" అంటారు, పో ముందు, బా తర్వాత. అంటే ముందు నా లేదా పా, తర్వాత దిన్, లఙ్, ఆ తర్వాత దౌ, పో, బా. ఇది నోటికి పట్టేదాకా పదిసార్లు చదువుకోవాలి.

సర్వనామాల సంగతీ చూడాలి. కా, కో, మో లాంటి ఒక్క అక్షరం మాటలు వీటన్నిటి కంటే ముందు కూర్చుంటాయి: కుమాయిన్ కా నా బా? సియా, అకో, కయో లాంటి రెండక్షరాలవి వెనక్కి పోతాయి: కుమాయిన్ నా పో బా కయో? మా అత్తగారు కాళ్ళు నేల మీద పెట్టకముందే రోజూ నేను అడిగేది ఈ రెండో వాక్యమే.

ఇంకో సంగతి, తెలుగు వాళ్ళందరూ తప్పు చేసేది ఇక్కడే. "ఇంకా తినలేదండీ" అనడానికి "హిందీ పా పో అకో కుమాయిన్" అంటారు. "కుమకాయిన్" అనాలి. పా ఉంది కాబట్టి పని ఇంకా పూర్తి కాలేదు, పూర్తయిన రూపం అక్కడ నిలబడదు. పైగా హిందీ రాగానే ఈ చిన్న మాటలూ, సర్వనామమూ అన్నీ క్రియను వదిలి హిందీ వెనక చేరతాయి. అవి ఎప్పుడూ వాక్యంలో మొదటి మాటను పట్టుకునే ఉంటాయి.

దావో_మెడికో
మనవాళ్ళలో చాలామంది ఫిలిప్పీన్స్ దక్షిణాన ఉన్న దావోలో చదువుతున్నారు కాబట్టి చెప్తున్నా. ఇక్కడ బయట వినపడేది ఎక్కువగా బిసాయా అనే వేరే భాష. కాలాన్ని చెప్పే మాటలు చాలా మారతాయి. తగాలోగ్‌లో నిన్న కహాపోన్, ఇక్కడ గహాపోన్. రేపు అక్కడ బూకాస్, ఇక్కడ ఉగ్మా. ఇప్పుడు అక్కడ ఙయోన్, ఇక్కడ కరోన్. నా, పా మాత్రం రెండిట్లోనూ ఉన్నాయి. బిసాయాలో పో లేదు, అందుకని ఇక్కడి వాళ్ళు మర్యాద లేని వాళ్ళని అనుకోకండి. వాళ్ళ మర్యాద గొంతులో ఉంటుంది.

గుంటూరు_పిల్ల
కాలం గురించి ఒకటి అడగాలి. "కనీనా" అంటే పుస్తకంలో "ఈ రోజే ఇంతకు ముందు" అని నాలుగు మాటలు రాశారు.

సముద్రం_అవతల
ఇందాక. అంతే.

జగిత్యాల_అన్న
మమయా అంటే కాసేపయ్యాక, ఇయ్యాల్నే. రేపటికి మమయా అనొద్దు. మేనేజర్ మమయా అంటే ఇయ్యాల డ్యూటీ దిగేలోపు అన్నట్టు.

పాత_పంతులు
మొన్న, ఎల్లుండి అనే మాటలు ఉన్నాయా? ఇంగ్లీషు వాడికి వాటికి ఒక్క మాట లేదు.

లగునా_కోడలు
ఉన్నాయి సార్. మొన్న కమకలవా, ఎల్లుండి సా మకలవా. రెండిట్లోనూ "దలవా" అనే రెండు అంకె దాగి ఉంది.

వారాల దగ్గర మాత్రం మనం జాగ్రత్త పడాలి. తెలుగులో "సోమవారం వచ్చాను", "సోమవారం వస్తాను" అని ఒక్క మాటతో సరిపెడతాం. వాళ్ళు గడిచిన సోమవారానికి నోఓఙ్ లూనెస్, రాబోయే దానికి సా లూనెస్, ప్రతి సోమవారానికి తువిఙ్ లూనెస్ అంటారు. రోజూ అనడానికి ఆరావ్-ఆరావ్, ఆరావ్ అంటే రోజు. మన "మెల్లమెల్లగా"కు దహన్-దహన్, "కొద్దికొద్దిగా"కు ఉంతి-ఉంతి. మాటను రెండుసార్లు అనడం మనకు కొత్త కాదు కదా.

గుంటూరు_పిల్ల
ఇక చివరి అనుమానం, ఇదే పెద్దది. వేగంగా, గట్టిగా, మెల్లగా లాంటివి. మాకు క్లాసులో "తుమక్బో సియా నఙ్ మబిలీస్" అని ఒకసారి, "మబిలీస్ సియఙ్ తుమక్బో" అని ఇంకోసారి చెప్పారు. రెండూ "అతను వేగంగా పరిగెత్తాడు" అనేనట. ఏది వాడాలి?

లగునా_కోడలు
రెండూ సరైనవే. నువ్వు మాత్రం ముందు రెండోది నేర్చుకో. మబిలీస్ అంటే వేగంగా, తుమక్బో అంటే పరిగెత్తాడు. వేగంగా ముందు, పరిగెత్తాడు తర్వాత, మన వరసే. సియా వెనక చేరిన ఙ్ అనేదే రెండిటినీ కలిపే ముడి. ఆ ముడి వదిలేసి "మబిలీస్ సియా తుమక్బో" అంటే వాక్యం ఊడిపోయినట్టు ఉంటుంది.

క్రియ ముందు వచ్చి, ఎలా అన్నది వెనక వస్తే నఙ్ కావాలి. మన "గా" మాట చివర తగులుతుంది, నఙ్ మాటకు ముందు నిలబడుతుంది. హుమిఙా పో కయో నఙ్ మలాలిమ్: లోతుగా ఊపిరి పీల్చండి. వార్డులో రోజూ అవసరం.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ నఙ్‌ను ఇంగ్లీషు లిపిలో nang అని నాలుగు అక్షరాలతో రాయాలి. "ఉమినోమ్ నా పో బా కయో నఙ్ గమోత్?" (మందు వేసుకున్నారా అండీ?) అన్నప్పుడు గమోత్ ముందున్న నఙ్ కర్మను చూపించేది. దాన్ని ng అని రెండే అక్షరాలతో రాస్తారు, పలకడం మాత్రం ఒకటే. ఇక్కడి పిల్లలు కూడా బడిలో దీని మీద మార్కులు పోగొట్టుకుంటారు.

అదే నఙ్‌ను ఒకే క్రియను రెండుసార్లు అని మధ్యలో పెడితే మాట ఎంత బాగుంటుందో చూడు. తావా నఙ్ తావా: నవ్వీ నవ్వీ. కుమాయిన్ నఙ్ కుమాయిన్: ఆపకుండా తింటూనే ఉన్నాడని. నాకు ఈ భాషలో అన్నిటికంటే ఇష్టమైన వాడుక ఇదే.

దావో_మెడికో
ఒక చిక్కు మిగిలింది. "మబిలీస్ నా తుమక్బో అఙ్ బాతా" (పిల్లాడు వేగంగా పరిగెత్తాడు) అన్నప్పుడు మధ్యలో నా వచ్చింది. ఇది "ఇక" అనే నా నా?

లగునా_కోడలు
కాదు, ఇది ముడి. న్ కాకుండా వేరే హల్లుతో ముగిసే మాట తర్వాత ముడి నా రూపంలో వస్తుంది, అచ్చుతో గానీ న్ తో గానీ ముగిస్తే ఙ్ అయి అతుక్కుంటుంది. గుర్తుపట్టడానికి ఒక జంట చెప్తాను. మలాకీ అంటే పెద్ద. మలాకిఙ్ బాతా: పెద్ద పిల్లాడు. మలాకీ నా అఙ్ బాతా: పిల్లాడు పెద్దవాడైపోయాడు. మొదటి దాంట్లో ముడి అతుక్కుంది. రెండో దాంట్లో నా విడిగా నిలబడింది, అదే "ఇక" అనే నా. సందేహం వస్తే అచ్చుతో ముగిసే మాట పెట్టి చూసుకోండి.

పాత_పంతులు
ఆ భాషలో క్రియా విశేషణాన్ని ఏమంటారమ్మా?

లగునా_కోడలు
పఙ్-ఆబాయ్ అంటారు సార్. ఆబాయ్ అంటే పెళ్ళిలో వధూవరుల పక్కన నడిచే తోడు.

పాత_పంతులు
తోడిపెళ్ళికూతురన్నమాట. క్రియ పక్కన నడిచే తోడు. నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, ఇంత చక్కటి పేరు ఎక్కడా వినలేదు. ఇంకొకటి, మీరంతా ఙ రాస్తుంటే చాలా ఆనందంగా ఉంది. అక్షరమాలలో ఆ అక్షరం ఎందుకు సార్ అని పిల్లలు అడిగేవాళ్ళు.

గుంటూరు_పిల్ల
పరీక్షకు ఐదు వాక్యాలు రాసుకున్నా. దయచేసి చూడండి.
కుమాయిన్ నా పో అకో కనీనా.
హిందీ పా పో అకో ఉమినోమ్ నఙ్ గమోత్.
మబిలీస్ అకో తుమక్బో.
దుమతిఙ్ దౌ సియా కహాపోన్.
అఅలీస్ అకో పో నా.

సముద్రం_అవతల
ఒకటీ, నాలుగూ బాగున్నాయి. రెండోది "ఉమీఇనోమ్" అవ్వాలి, లగునా అక్క చెప్పిన కుమకాయిన్ లాగే. మూడోదాంట్లో ముడి మర్చిపోయావు: మబిలీస్ అకోఙ్ తుమక్బో. ఐదోది పంతులు గారి వరసలో పెట్టు: "అఅలీస్ నా పో అకో." అకోకు రెండక్షరాలు, వెనక్కి వెళ్ళాలి.

గుంటూరు_పిల్ల
నిన్న టెస్ట్ అయింది. ఇరవైకి పదిహేడు. దిన్, రిన్ దగ్గర ఒకటి పోయింది, వారాల దగ్గర రెండు పోయాయి.

సాయంత్రం ఇంటికి రాగానే ఆంటీ మామూలుగానే "కుమాయిన్ కా నా బా?" అంది. ఈసారి తడుముకోకుండా "ఓపో, కుమాయిన్ నా పో అకో. కయో పో, కుమాయిన్ నా పో బా కయో?" అన్నాను. ఆవిడ చేతిలో గరిటె ఆపి నా వైపు చూసింది. తర్వాత నవ్వి, కుర్చీ లాగి, కంచం నిండా అన్నం పెట్టి నా ముందుకు తోసింది. "సీగే, కాయిన్ కా పా" అంది. సరే, ఇంకా తిను.